చీలమండలో గుజ్జు అరిగింది: ఇంజెక్షన్ వేయించాలా, కీలు బిగించాలా?

ప్రశ్న: పలమనేరు_కుర్రోడు

అమ్మకు 61 ఏళ్లు. పదేళ్ల కిందట కుడి చీలమండ విరిగితే కట్టు కట్టించాం, ఆపరేషన్ చేయించలేదు. ఇప్పుడు పొద్దున లేచి వేసే మొదటి అడుగులకే నొప్పి, సాయంత్రానికి వాపు. ఎత్తు ఎక్కేటప్పుడు చీలమండ ముందుభాగంలో పోటు. షుగరుకు మాత్రలు వాడుతోంది. పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు. ఒక డాక్టరు అమ్మ రక్తం నుంచే ప్లేట్‌లెట్లు తీసి కీలులోకి ఎక్కించే పీఆర్‌పీ వేద్దామంటారు, ఇంకొకరు ఎముకలు కలిపేసి కీలు కదలకుండా బిగించాలంటారు. బిగిస్తే కాలు కొయ్యలా అయిపోతుందని అమ్మ భయం. అలిపిరి మెట్లెక్కే మొక్కు కూడా బాకీ ఉంది. ముందు ఏం చేయాలి?

జవాబు: ఎముకల_వార్డు

ముందు ఎక్స్‌రే మళ్లీ తీయించండి. పడుకున్నప్పుడు కీలు మీద బరువు ఉండదు కాబట్టి ఎముకల మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. నిలబెట్టి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేయించి తీయాలి: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, పాదాన్ని 15-20 డిగ్రీలు లోపలికి తిప్పి ఒకటి. చీటీలో ‘నిలబెట్టి’ అని డాక్టరు చేత రాయించుకోండి, లేకుంటే అలవాటు కొద్దీ మళ్లీ పడుకోబెట్టేస్తారు. ఎడమ చీలమండ కూడా తీయిస్తే పోల్చి చూడొచ్చు.

తర్వాత, నొప్పి ఏ కీలుదో తేలాలి. చీలమండ అని మనం చూపించే చోట ఒకదాని కింద ఒకటి రెండు కీళ్లున్నాయి. పై కీలు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. టాలస్ అనే ఎముకకూ మడమ ఎముకకూ మధ్య ఉన్న కింది కీలు పాదాన్ని పక్కలకు వంచుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందువైపు పోటంటే ఎక్కువగా పై కీలే. గులకరాళ్ల మీద, చేను గట్ల మీద నడిచినప్పుడు పక్కల్లో నొప్పి పుడితే కింది కీలును అనుమానించాలి. తేలకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఒక్క కీలులోకే మత్తుమందు ఎక్కించి, కాసేపు నడిపించి చూస్తారు. ఇది తేలకుండా బిగిస్తే, బిగించింది వేరే కీలై నొప్పి అలాగే మిగిలే ప్రమాదముంది.

మోకాలిలా చీలమండ వయసుతోనే అరగడం తక్కువ. అరిగిన చీలమండల్లో సుమారు ముప్పాతిక వంతుకు పాత దెబ్బే మూలం. విరిగిన ఎముక అతుక్కోవడం వేరు, కీలు లోపలి గచ్చు సమంగా కుదరడం వేరు. టాలస్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగినా ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం 42 శాతం తగ్గిందని 1976లోనే ప్రయోగం చేసి చూపారు. బరువంతా కొద్దిచోటే పడితే అక్కడి గుజ్జు ముందు పోతుంది. పుత్తూరు నాటు కట్టయినా, ఆసుపత్రి పిండికట్టయినా లోపల మెట్టులా నిలిచిపోయిన ముక్కను సరిచేయలేవు.

షుగరుంది కాబట్టి ఒక హెచ్చరిక. పాదం ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా ఉబ్బి, ఉబ్బినంత నొప్పి లేకపోతే అది షార్కో పాదం (నరాలు దెబ్బతిని పాదం ఎముకలు కూలిపోయే జబ్బు) కావచ్చు. నడక ఆపించి, ఆ రోజే చూపించాలి. జ్వరంతో కలిసి వాపు వచ్చినా అంతే. యూరిక్ యాసిడ్, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ రక్తపరీక్షలు కూడా ఒకసారి చేయించండి, గౌట్, కీళ్లవాతం లాంటివి ఉంటే తెలుస్తాయి.

జవాబు: ఫిజియో_తిరుచానూరు_రోడ్

అన్నా, ఇంజెక్షన్ సంగతి తర్వాత, అమ్మ చెప్పులు మార్చండి. షుగరు వాళ్లకు అందరూ మెత్తటి ఎంసీఆర్ చెప్పులు రాస్తారు. పాదానికి పుండు పడకుండా అవి మంచివే, కానీ చీలమండకు చాలవు. చెప్పు అడుగు మెత్తగా వంగితే నడిచే ప్రతి అడుక్కీ కీలు కూడా వంగాల్సి వస్తుంది. లోపల ఎంసీఆర్, కింద వంగని గట్టి అడుగు, ఆ అడుగు ముందుకు పడవలా తేలి ఉండేలా చేయించాలి. అప్పుడు దొర్లే పని చెప్పు చేస్తుంది, కీలు కాదు. మడమ కింద 1 సెంటీమీటరు ఎత్తు పెడితే ముందువైపు పోటు తగ్గుతుంది. వెనక పట్టీ తప్పనిసరి, జారే చెప్పు వద్దు. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రిలో కృత్రిమ అవయవాలు, కాలిపర్లు చేసే విభాగముంది, అక్కడ అడగండి.

లేసులతో బిగించే చీలమండ బ్రేస్ నడిచేటప్పుడు, నిలబడి పనిచేసేటప్పుడు వేయాలి, నిద్రలో వద్దు. తీసిన ప్రతిసారీ చర్మం చూడండి. ఎరుపు అరగంటలో పోకపోతే అంచు నొక్కుతున్నట్టు. స్పర్శ తగ్గిన పాదానికి ఆ నొక్కుడు తెలియదు.

చేతికర్ర ఎడమ చేతిలో పట్టాలి. నొప్పి ఉన్న కాలి పక్కనే పట్టేవాళ్లే ఎక్కువ, దాంతో బరువు తగ్గదు. నిటారుగా నిలబడి చేయి వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు.

వ్యాయామంలో రెండే చెబుతాను. గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయడం, 30 సెకన్లు, 3 సార్లు. ముందువైపు ఎముకకు ఎముక తగిలినట్టు ఆగిపోతే అక్కడికి ఆపేయాలి, బలవంతం చేస్తే వాపు పెరుగుతుంది. రెండోది, రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి నెట్టడం, 10 చొప్పున 3 సార్లు. మర్నాడు పొద్దుటికీ నొప్పి మిగిలితే సగానికి తగ్గించండి. నడకలో చీలమండ మీద పడే భారం ఒంటి బరువుకు దాదాపు 5 రెట్లు, కాబట్టి 4 కిలోలు తగ్గినా కాలికి తెలుస్తుంది.

అలిపిరి దారి 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు 2,388, దూరం తక్కువే కానీ నిటారు. రెండూ ఈ కాలికి ఇప్పుడు వద్దు. ఎక్కడంకన్నా దిగడానికి చీలమండ ఎక్కువ వంగాలి. మొక్కు తీర్చాల్సిందేనంటే నొప్పి అదుపులోకి వచ్చాక, పెద్దలను అడిగి కొన్ని మెట్లెక్కి మిగతాది బస్సులో వెళ్లండి. దిగడం మాత్రం బస్సులోనే.

జవాబు: కత్తి_కుట్టు

పీఆర్‌పీకి డబ్బు పెట్టకండి. నెదర్లాండ్స్‌లో 100 మంది చీలమండ రోగుల్లో కొందరికి పీఆర్‌పీ, కొందరికి ఉప్పునీళ్లు ఎక్కించి పోల్చారు. 2021లో వచ్చిన ఫలితం: 26 వారాలకు రెండు వర్గాలకూ తేడా లేదు. స్టెరాయిడ్ పనిచేస్తుంది, కానీ కొన్ని వారాల నుంచి మూణ్ణెల్ల దాకానే. వేసిన తర్వాత కొన్ని రోజులు షుగరు ఎగబాకుతుంది, ఇంట్లో రోజూ చూసుకోండి. ఆపరేషన్ అనుకుంటే దానికి ముందు 3 నెలల్లో వేయించొద్దు, చీము పట్టే ముప్పు పెరుగుతుంది. మందుల్లో డైక్లోఫెనాక్ జెల్ రోజుకు 3-4 సార్లు, చాలకపోతే పారాసిటమాల్ 650, రోజుకు 4 దాటకుండా. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నొప్పి మాత్రలు నెలల తరబడి మింగించొద్దు, షుగరు ఉన్న కిడ్నీ తట్టుకోదు.

ఇవన్నీ ఆరు నెలలు సరిగ్గా చేసినా రాత్రి నిద్ర పట్టని నొప్పి ఉంటే అప్పుడు ఆపరేషన్. ముందువైపు ఎముక మొలకలే అడ్డమైతే కెమెరాతో గీకేస్తే సరిపోవచ్చు. కీలు ఒక పక్కే అరిగి కాలు ఒరిగితే చీలమండకు పైనున్న కాలి ఎముక కోసి నిటారు చేస్తారు. కీలంతా పోతే బిగించడం లేదా మార్చడం. ఈ రెంటినీ పోల్చిన బ్రిటన్ అధ్యయనం 2022లో వచ్చింది. ఏడాదికి రెండు వర్గాలూ బాగుపడ్డాయి, ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పాదంలో స్పర్శ పోయిన షుగరు రోగికి కృత్రిమ కీలు పెట్టడానికి నేనైతే మొగ్గను.

బిగించేది ఒక్క పై కీలునే, మిగిలిన పాదం కదులుతుంది. పాదాన్ని 90 డిగ్రీల్లో పెట్టి 2-3 స్క్రూలు వేస్తారు. సుమారు 6 వారాలు కాలు నేల మీద మోపకూడదు, తర్వాత బూటులో మెల్లగా బరువు, ఎముక కలవడానికి మూణ్ణెల్లు. పదిమందిలో ఒకరికి దాకా అతకదు. పొగాకు, అదుపులేని షుగరు దానికి ముఖ్య కారణాలు. హెచ్‌బీఏ1సీ (మూణ్ణెల్ల షుగరు సగటు) 8 లోపుకు తెచ్చాకే ఆపరేషన్ తేదీ తీసుకోండి. ఇంకో సంగతి, బిగించిన పదేళ్లకో పదిహేనేళ్లకో చుట్టుపక్కల కీళ్లు అరగొచ్చు.

పలమనేరు_కుర్రోడు

చాలా థాంక్స్ సార్. బిగించాక కింద కూర్చోవడం, గుళ్లో చెప్పుల్లేకుండా నడవడం కుదురుతాయా?

కత్తి_కుట్టు

బాసింపట్టు వేయొచ్చు, చీలమండ బయటి ఎముక కింద మెత్తటి గుడ్డ పెట్టుకోవాలి. గొంతుకూర్చోవడం కుదరదు, మడమ లేచిపోతుంది, కాబట్టి ఇంట్లో ముందే వెస్ట్రన్ కమోడ్ పెట్టించండి. ఉత్త కాళ్లతో ఒక ప్రదక్షిణ పర్వాలేదు. గంటల తరబడి క్యూ అయితే పాదం నడిమి కీళ్ల మీద భారం పడుతుంది. పైగా స్పర్శ తగ్గిన పాదం ఎండకు కాలిన బండ మీద బొబ్బలెక్కినా తెలియదు. మధ్యాహ్నం వద్దు, తెల్లవారుజామున వెళ్లి, ఇంటికొచ్చాక అరికాలు చూడండి.