40 మంది కూర్చునే హాలు: అడ్డుగోడలు తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న (పరిపాలన విభాగం ఉద్యోగిని)

మా సంస్థ త్వరలో ఒకే పెద్ద హాలు ఉన్న అంతస్తులోకి మారుతోంది. అక్కడ 40 మంది కూర్చోవాలి. వారిలో 12 మంది రోజంతా ఖాతాదారులతో ఫోనులో మాట్లాడేవారు కాగా, మిగిలినవారు లెక్కలు, నివేదికలు, ప్రోగ్రామింగ్ వంటి ఏకాగ్రత కావలసిన పనులు చేసేవారు. ఇప్పుడు ప్రతి బల్ల చుట్టూ భుజాల ఎత్తు అడ్డుగోడలు ఉన్నాయి. వాటిని తీసేసి పొడవాటి బల్లలు వేస్తే అందరూ కలివిడిగా మాట్లాడుకుంటారనీ, దాంతో పని వేగం పుంజుకుంటుందనీ మా యాజమాన్యం నమ్ముతోంది. అమరిక బాధ్యత నాకు అప్పగించారు గానీ నేను ఆర్కిటెక్టును కాను. ఈ నమ్మకంలో నిజమెంత? దేనిపై ముందుగా దృష్టి పెట్టాలి?

జవాబు 1 (ఆఫీసు ఇంటీరియర్ల పని చేసేవారు)

మీ యాజమాన్యం ఆశ పాతదేనండీ. 1950ల చివర్లోనే జర్మనీలో గదులు తొలగించి, ఉద్యోగుల మధ్య కాగితాలూ మాటలూ ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో గమనించి, దాన్నిబట్టి బల్లలు అమర్చే పద్ధతి మొదలైంది. ఆ తర్వాత 1968లో అమెరికాలో హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ సంస్థ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్, ఉద్యోగికి కొంత ఏకాంతమూ పనికి తగ్గట్టు మార్చుకునే వీలూ ఉండాలని కదిలే పలకల అమరికను రూపొందించాడు. కంపెనీలు వాటినే దగ్గరగా జరిపి, తక్కువ చోటులో ఎక్కువ మందిని కూర్చోబెట్టే చదరపు గూళ్లుగా మార్చేశాయి. ఆ ఫలితాన్ని ప్రాప్స్టే తర్వాత విమర్శించాడు. గోడలు పెట్టినా తీసినా చివరికి చోటు పొదుపే గెలుస్తూ వచ్చిందని నా అభిప్రాయం.

యాజమాన్యానికి చూపదగిన ఆధారం ఒకటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన పరిశోధకుల అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. రెండు పెద్ద సంస్థల్లో ఉద్యోగులకు సెన్సర్లు తగిలించి, అడ్డుగోడలు తీయక ముందు, తీసిన తర్వాత ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో కొలిచారు. ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గి, ఆ మేరకు ఈమెయిళ్లు, చాట్ సందేశాలు పెరిగాయి. నలుగురి కళ్ల ముందు కూర్చున్నవారు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తమ చుట్టూ తామే గోడ కట్టుకుంటారని నా అనుభవం కూడా చెబుతోంది.

జవాబు 2 (ధ్వని నియంత్రణ పనిలో ఉన్నవారు)

మీ అసలు సమస్య గోడలు కావు, ఆ 12 ఫోన్లు. ఏకాగ్రతను చెడగొట్టేది శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది కాదు, మాట ఎంత స్పష్టంగా అర్థమవుతోందన్నది. ఏసీ రొద రోజంతా వినిపించినా మనసు దాన్ని పక్కకు నెట్టేస్తుంది. పక్క బల్ల దగ్గర ఎవరో ఫోనులో సగం సంభాషణ చేస్తుంటే మాత్రం, మిగతా సగం ఏమై ఉంటుందా అని మన ప్రమేయం లేకుండానే వింటాం. చదవడం, రాయడం, అంకెలు గుర్తుపెట్టుకోవడం వంటి పనులకే ఈ దెబ్బ ఎక్కువ. అందుకే ఇటువంటి హాళ్ల ధ్వని కొలతకు ఉద్దేశించిన ఐఎస్ఓ 3382-3 ప్రమాణంలో, మాట ఎంత దూరం వెళ్లాక అస్పష్టమవుతుందన్నది ప్రధానమైన కొలతల్లో ఒకటి.

కాబట్టి ఫోను బృందానికి హాలు ఒక చివర తలుపున్న గది ఇవ్వండి. అది కుదరకపోతే వారికీ మిగతావారికీ మధ్య ప్రింటర్లు, బీరువాలు, సమావేశ గది వచ్చేలా చూడండి. భుజాల ఎత్తు అడ్డుగోడ చూపును కొంత ఆపుతుందేమో గానీ మాటను పెద్దగా ఆపదు. తల దాటి ఎత్తున్నప్పుడే అది పనికొస్తుంది. అప్పుడు కూడా పైకప్పు నున్నటి కాంక్రీటు అయితే, ధ్వని పైకెళ్లి, తిరిగి కొట్టి అవతలి వైపు దిగుతుంది. ముందు పైకప్పుకు ధ్వనిని పీల్చుకునే పలకలు వేయించి, ఆ తర్వాతే అడ్డుగోడల సంగతి ఆలోచించండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

జవాబు 3

పై రెండు జవాబుల్లోనూ గాలి, వెలుతురు రాలేదు. బల్ల మీద 500 లక్స్ వెలుతురు సాధారణ రాతపనికి సరిపోతుంది. కంప్యూటర్ తెరలు కిటికీకి ఎదురుగానూ వద్దు, వెన్ను చూపుతూనూ వద్దు, పక్కవాటుగా ఉండాలి. చిన్న సమావేశ గదిని తప్పక పరీక్షించండి. ఆరుగురు తలుపు వేసుకుని గంటసేపు కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వెయ్యి భాగాలు) దాటడం మామూలే, బయటి గాలి చాలినంత రావడం లేదనడానికి అది గుర్తు. మధ్యాహ్నపు సమావేశాల్లో వచ్చే ఆవలింతలన్నిటికీ భోజనమే కారణమనుకోకండి.

జవాబు 4 (ఒక బృంద నాయకుడు)

నిశ్శబ్దాన్నే గురిగా పెట్టుకోవద్దని నా మనవి. కొత్తగా చేరినవారు పక్కనున్న అనుభవజ్ఞుల మాటలు చెవినపడటం వల్లే సగం పని నేర్చుకుంటారు. బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ ఇద్దరు ఇంజనీర్లు మాట్లాడుకునే అవకాశం వేగంగా పడిపోతుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ అలెన్ 1970లలోనే చూపించాడు. మా పాత కార్యాలయంలో ఒక్కొక్కరికీ ఒక్కో గది ఉండేది, రెండు నిమిషాల్లో తేలవలసిన సందేహం మూడు రోజుల ఈమెయిళ్లుగా సాగేది. ఒకే పని పంచుకునే నలుగురైదుగురిని ఒక గుంపుగా కూర్చోబెట్టి, గుంపుకూ గుంపుకూ మధ్య ఎత్తైన అడ్డు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఫోను బృందానికి చివరి గది, పైకప్పుకు పలకలు, మిగతావారికి గుంపుల వారీ అమరిక అని ప్రతిపాదన రాస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఈ మార్పు ఫలించిందో లేదో ఎప్పుడు, ఎలా తెలుసుకోవాలి?

జవాబు 1 రాసినవారు

మారిన మొదటి నెల లెక్క వేయకండి. 1924లో అమెరికాలోని హాథార్న్ కర్మాగారంలో వెలుతురు మార్చి ఉత్పత్తిని కొలిచే ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు, వెలుతురు పెంచినా తగ్గించినా పని పెరిగిందని చెప్పుకున్నారు. ఆ లెక్కలను తిరగేసిన తర్వాతి పరిశోధకులకు ప్రభావం అంత స్పష్టంగా కనబడలేదు గానీ, కొత్త చోటు ఇచ్చే ఉత్సాహాన్ని ఫలితమని పొరబడే ప్రమాదం మాత్రం ఉంది. నివేదికల్లో దొర్లే తప్పులు, తిరిగి చేయవలసి వచ్చిన పనులు, పని మధ్యలో ఎన్నిసార్లు ఆటంకం కలిగిందన్న ఉద్యోగుల సొంత లెక్క, ఈ మూడింటినీ మారకముందే ఒక నెలపాటు రాసిపెట్టుకుని, మారిన ఆరు నెలలకు మళ్లీ చూడండి. బల్లలను నేలకు బిగించకుండా, విద్యుత్ తీగలను పైనుంచి దించుకుంటే, అప్పుడు తేలిన లోపాలను సరిదిద్దడం తేలికవుతుంది.