పెళ్లి లైవ్‌కి ఆర్‌టీఎంపీ సరిపోతుందా, ఎస్‌ఆర్‌టీకి మారాలా?

ఖమ్మం_కెమెరా

అన్నలూ, ఫంక్షన్ హాళ్ల నుంచి లైవ్ ఇచ్చేవాళ్లని ఒక మాట అడగాలి. నాది మామూలు సెటప్పే: రెండు కెమెరాలు, ఒక స్విచర్, ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్), 4జీ డాంగిల్. 1080లో 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) పెట్టి ఆర్‌టీఎంపీ అనే ప్రోటోకాల్ (వీడియో పంపే పద్ధతి) మీద నేరుగా యూట్యూబ్‌కి పంపుతాను. పొద్దున గౌరీపూజ, స్నాతకం జరిగినంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. కుర్చీలు నిండాకే మొదలవుతుంది. సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి ఓబీఎస్ కింద పచ్చగా ఉన్న చదరం ఎర్రబడుతుంది, డ్రాప్ అయిన ఫ్రేముల లెక్క ఎక్కుతూ పోతుంది. ఈమధ్య ఒక పెళ్లిలో తాళి కడుతుండగానే బొమ్మ నిలిచిపోయింది. పెళ్లికూతురి మేనమామ వాళ్లు అమెరికాలో అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ ఒక్క ఘట్టం కోసమే కూర్చున్నారు.

నా ఆలోచన ఇది. ముంబైలో చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుంటాను. హాల్ నుంచి అక్కడిదాకా ఎస్‌ఆర్‌టీ అనే ఇంకో పద్ధతి, అక్కడి నుంచి యూట్యూబ్‌కి ఆర్‌టీఎంపీ. ఖర్చు పెట్టేముందు అడుగుతున్నా: దీనివల్ల నిజంగా తేడా ఉంటుందా?

ప్యాకెట్_పంతులు

ఉంటుంది. మారిపోండి.

ఆర్‌టీఎంపీ ఫ్లాష్ కాలం నాటిది. మాక్రోమీడియా తయారుచేసింది, 2005లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది, 2009లో స్పెసిఫికేషన్ బయటపెట్టారు. 2020 డిసెంబరుతో ఫ్లాష్ పోయినా, వీడియోని ప్లాట్‌ఫారానికి ఎక్కించే దారిగా ఆర్‌టీఎంపీ మాత్రం ఉండిపోయింది. అది నడిచేది టీసీపీ అనే నెట్ పద్ధతి మీద. ఒక్క బైటు కూడా పోకూడదు, వరస తప్పకూడదు అన్నది టీసీపీ నియమం. ఫైలు పంపడానికి అంతకంటే మంచిది లేదు గానీ లైవ్‌కి వచ్చేసరికి అదే మెడకి చుట్టుకుంటుంది. ఒక ప్యాకెట్ (నెట్‌లో వెళ్లే డేటా ముక్క) దారిలో పోతే దాని వెనకవి సర్వర్‌కి చేరినా సరే, పోయినది మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. దర్శనం క్యూలో ముందున్న ఒక్కడు ఆగితే వెనక కంపార్ట్‌మెంటంతా ఆగినట్టు. పైగా ప్యాకెట్ పోయిందని తెలియగానే టీసీపీ మామూలుగా పంపే వేగం కూడా తగ్గించేస్తుంది.

ఎస్‌ఆర్‌టీ యూడీపీ మీద నడుస్తుంది, అది టీసీపీలా వరస కోసం ఆగదు. హైవిజన్ కంపెనీ తయారుచేసి 2017లో ఓపెన్ సోర్స్ చేసింది. ప్రతి ప్యాకెట్‌కీ ఒక నంబరు, ఒక టైము ఉంటాయి. నంబర్ల మధ్య ఖాళీ కనబడగానే అవతలి నుంచి ‘ఇది రాలేదు’ అని కబురొస్తుంది, ఆ ఒక్కటే మళ్లీ వెళ్తుంది. ఎంతసేపు ఎదురుచూడాలో మనం ముందే చెబుతాం. ఆ గడువులోపు వస్తే వాడుకుంటుంది, రాకపోతే వదిలేసి ముందుకి పోతుంది.

అయితే ఆ గడువు దగ్గర జాగ్రత్త. డిఫాల్ట్ 120 మిల్లీసెకన్లు. మీ హాల్ నుంచి ముంబైకి రానుపోను 60 పడితే ఆ 120లో ఒకటి రెండుసార్లకి మించి మళ్లీ తెప్పించుకోలేం. జనం నిండాక రానుపోను 300 అయిందా, ఒక్కసారి కూడా కుదరదు. రానుపోను సమయానికి నాలుగు రెట్లు పెట్టమంటారు మామూలుగా. పెళ్లికి నేనైతే 2000కి తగ్గించను. ఇంకోటి, ఓబీఎస్‌లో ఎస్‌ఆర్‌టీ అడ్రసు చివర రాసే లేటెన్సీ (ఆ గడువు) అంకె మైక్రోసెకన్లలో ఉంటుంది. రెండు సెకన్లు కావాలంటే 2000 కాదు, 2000000 రాయాలి. 2000 రాస్తే 2 మిల్లీసెకన్లు అడిగినట్టు. రెండు వైపుల్లో ఏది పెద్దదైతే అదే వర్తిస్తుంది కాబట్టి సర్వర్ వైపు ఉన్న 120 అమలవుతుంది, మీరు మాత్రం రెండు సెకన్లు పెట్టాననే అనుకుంటారు. ‘ఎస్‌ఆర్‌టీ కూడా ఇంతే’ అని చిరాకుపడేవాళ్ల సెట్టింగులు అడిగి చూడండి, చాలాసార్లు ఇదే బయటపడుతుంది.

తెనాలి_స్టూడియో

పంతులు గారూ, టీసీపీ గురించి మీరు చెప్పింది కాదనను. కానీ 4జీ మీద ఆయన పడుతున్న బాధ అది కాదు.

ఫోనుకీ టవరుకీ మధ్య పోయిన ముక్కల్ని రేడియో పొరే తిరిగి తెప్పించుకుంటుంది, అదీ రెండంచెల్లో. అంచేత పైకి వచ్చేసరికి మనకి పోయిన ప్యాకెట్లు తక్కువ, ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్లు ఎక్కువ. హాలు నిండినప్పుడు జరిగేది వేరు. వందల ఫోన్లు ఒకే టవర్ సెక్టార్‌ మీద పడతాయి. తాళి కట్టేటప్పుడు అందరూ వీడియో తీసి అప్పటికప్పుడే వాట్సాప్‌లో పెడతారు. ఉన్న అప్‌లోడ్‌ని టవరు అందరికీ పంచాలి. అదీగాక 2300 మెగాహెర్ట్జ్ లాంటి టీడీడీ బ్యాండ్లలో (అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులేసుకుని వాడుకునేవి) సమయంలో ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తారు. స్పీడ్ టెస్టులో కిందికి 40 చూపించిన చోట పైకి 3 రావడానికి అదో కారణం. మీరు పంపేది 4, దారి ఇచ్చేది రెండున్నర. ఏ ప్రోటోకాల్ పెట్టినా మిగతా ఒకటిన్నర ఎలా పడుతుంది చెప్పండి?

ఎస్‌ఆర్‌టీ తనంతట తాను బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) తగ్గించదు. పైగా మళ్లీ పంపడానికి 25 శాతం అదనంగా వాడుకునేలా దాని డిఫాల్ట్ ఉంటుంది. అంటే 4కి 5 కావాలి. ఇరుకున్న చోట అది ఇంకా బరువు. అదే ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రద్దీని బట్టి బిట్‌రేట్ మార్చే టిక్ ఒకటి 2019 నుంచీ ఉంది. నేను వాడిన వెర్షన్లన్నిటిలో అది ఆర్‌టీఎంపీ మీదే పనిచేసింది. ఖమ్మం తమ్ముడూ, ముందు ఆ టిక్ పెట్టు, 720కి దిగు, 2 ఎంబీపీఎస్ చాలు. సర్వర్ అద్దె మిగులుతుంది, పాడవడానికి ఇంకో మెషీనూ మధ్యలో ఉండదు.

డల్లాస్_చిన్నాన్న

సాంకేతికం నాకు రాదు. చూసేవాళ్ల తరఫున ఒక మాట. మా ఇంట్లో టీవీ ముందు అందరం అక్షింతలు చేతిలో పట్టుకుని నిలబడతాం. గట్టిమేళం వినబడగానే వేస్తాం. బొమ్మ మసకబారినా, కాసేపు ఆగినా తట్టుకుంటాం గానీ మంత్రం, మేళం తెగితే ఇక మనసు నిలవదు. అర నిమిషం వెనకగా వచ్చినా మాకు పట్టింపు లేదు. ఒక్కటే ఇబ్బంది: అక్కడి నుంచి ఎవరో ఫోన్ చేసి ‘కట్టేశాడు’ అంటారు, ఇక్కడ పంతులు గారు మంగళసూత్రం పళ్లెంలో పెట్టి పెద్దలందరికీ చూపిస్తూ ఉంటారు. ఆ కాసేపు ఫోన్ చేయకండని చుట్టాలకి చెబితే పోతుంది, దానికి టెక్నాలజీ అక్కర్లేదు.

తెనాలి_స్టూడియో

చిన్నాన్న గారు చెప్పిన ఈ ధ్వని విషయం చాలా ముఖ్యం, ఇక్కడెవరూ ఎత్తలేదు.

ఓబీఎస్ ఆర్‌టీఎంపీ మీద పంపేటప్పుడు దారి ఇరుకైతే ఏం చేస్తుందో చూడండి. లోపల పేరుకుపోయిన వీడియో దాదాపు 700 మిల్లీసెకన్లు దాటగానే ముందు బీ ఫ్రేముల్ని, ఇంకా పెరిగితే పీ ఫ్రేముల్ని (రెండూ పక్క ఫ్రేములతో తేడా మాత్రమే మోసేవి) వదిలేస్తుంది. ఆడియోని మాత్రం వదలదు. అంటే ఏది పోయినా నష్టం తక్కువో తెలిసి మరీ పడేస్తోంది. ఎస్‌ఆర్‌టీకి ఆ తెలివి లేదు. దానికి అన్నీ 1316 బైట్ల పొట్లాలే, ఒక్కో దాంట్లో 188 బైట్ల ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ముక్కలు ఏడు. గడువు దాటితే అందులో నాదస్వరం ఉందా, వెనక గోడ ఉందా అని చూడదు. అన్నీ ఒకటే, పోతాయి.

ప్యాకెట్_పంతులు

ఆ మాట ఒప్పుకుంటాను, ఆడియో విషయంలో ఓబీఎస్ ఆర్‌టీఎంపీ కోడ్ బాగా రాశారు. అయినా రెండు సంగతులు.

పీ ఫ్రేములు వదిలేశాక తర్వాతి కీఫ్రేము (బొమ్మ మొత్తం ఉండే ఫ్రేము) వచ్చేదాకా బొమ్మ కోలుకోదు. కీఫ్రేము రెండు సెకన్లకొకటి పెట్టుంటే సరే, ఓబీఎస్‌లో ఆ గడి సున్నా వదిలేసి ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది) ఇష్టానికి వదిలితే ఇంకా ఎక్కువసేపు పట్టొచ్చు. ఖమ్మం గారూ, అక్కడ తప్పకుండా 2 అని రాయండి, ఏ ప్రోటోకాల్ వాడినా సరే.

రెండోది, 4జీలో ప్యాకెట్లు అసలు పోవని కాదు. డాంగిల్‌లోనో టవర్ దగ్గరో క్యూ నిండితే పొంగిపోతాయి. ఒక టవర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడూ పోవచ్చు. ఆలస్యమే అసలు సమస్య అనుకున్నా, నాలుగు సెకన్ల గడువు పెట్టిన ఎస్‌ఆర్‌టీ మూడు సెకన్ల కుదుపుని మింగేస్తుంది, చూసేవాళ్లకి తెలియనే తెలియదు. చిన్నాన్న గారే అర నిమిషం వెనకైనా ఫర్వాలేదన్నారు కదా. ఆయన ఇస్తానన్న సమయాన్ని మనం వాడుకోవట్లేదు, నా బాధ అదే! 700 మిల్లీసెకన్లకే ఫ్రేములు పడేయడం పెళ్లికి అక్కర్లేని తొందర.

బిట్‌రేట్ సంగతంటారా, ఎస్‌ఆర్‌టీ తనంతట తాను తగ్గించదు, నిజమే. కానీ రానుపోను సమయం, పంపకుండా మిగిలిన బఫర్, మళ్లీ పంపిన ప్యాకెట్ల లెక్క అన్నీ క్షణక్షణం బయటికి ఇస్తుంది. వాటిని చూసి ఎన్‌కోడర్‌ని తగ్గించే సాఫ్ట్‌వేర్లున్నాయి. బెలాబాక్స్ ఓపెన్ సోర్సే, అది చేసేది అదే.

ఓబీ_వ్యాన్

నేను టీవీ న్యూస్ వైపు నుంచి. ఇక్కడ ఎఫ్‌ఈసీ (తప్పులు దిద్దుకోవడానికి ముందే అదనపు డేటా కలిపి పంపడం) మాట ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి నేనే తెస్తాను. మా శాటిలైట్ లింకుల్లో పాతకాలం నుంచీ అదే. డీవీబీ అనే డిజిటల్ టీవీ ప్రసార పద్ధతిలో ప్రతి 188 బైట్లకి 16 బైట్లు అదనంగా చేర్చి 204 చేసి పంపేవాళ్లం, అందులో 8 బైట్ల దాకా చెడిపోయినా ఇవతల సరిచేసుకోవచ్చు. 1960లో రీడ్, సాలమన్ ఇచ్చిన లెక్క అది. శాటిలైట్‌లో సిగ్నల్ అందుకునే డిష్ ‘మళ్లీ పంపు’ అని అడగలేదు, కాబట్టి ముందే కలిపి పంపడం తప్ప దారి లేదు. మీ దగ్గర అడిగే దారి ఉంది. 4జీలో నష్టం చెదురుమదురుగా కాదు, ఒక్కసారిగా బారెడు పోతుంది. దాన్ని పూడ్చాలంటే అదనం బాగా ఎక్కువ పెట్టాలి, ఆ అదనం బాగున్నప్పుడు కూడా అప్‌లోడ్‌ని తింటూనే ఉంటుంది. ఎస్‌ఆర్‌టీలో ఎఫ్‌ఈసీ ఉంది, పెళ్లికి దాని జోలికి పోకండి.

రిపోర్టర్లు వీపుకి తగిలించుకునే బ్యాక్‌ప్యాక్ లోపల చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అందులో నాలుగైదు సిమ్‌లు, వేర్వేరు కంపెనీలవి. ఒకే వీడియోని ముక్కలు చేసి అన్నిటి మీదా పంపి అవతల కలుపుతుంది. ఊరేగింపులో, సభల్లో, ఎన్నికల రాత్రి కౌంటింగ్ కేంద్రం బయట లైవ్ నిలబడేది దాని మీదే. కలపడానికి అవతల ఒక సర్వర్ ఉండి తీరాలి. కాబట్టి తెనాలి గారు వద్దంటున్న ఆ ముంబై సర్వర్, ప్రోటోకాల్ కోసం కాకపోయినా సిమ్‌లు కలపడం కోసం పనికొస్తుంది. రెండు కంపెనీల సిమ్‌లు, వీలైతే రెండు వేర్వేరు బ్యాండ్ల మీద ఉన్నవి పెట్టండి. డాంగిల్‌ని స్టేజీ కింద ఇనప ఫ్రేముల మధ్య వదిలేయకుండా పొడుగు యూఎస్‌బీ కేబుల్‌తో కిటికీ దగ్గరికో మేడమీదికో చేర్చండి. ఈ ఒక్క పనికే చాలా హాళ్లలో అప్‌లోడ్ మారిపోతుంది.

ఖమ్మం_కెమెరా

అందరికీ దండాలు. ఒకటి అడుగుతా. హాల్ వాళ్ల బ్రాడ్‌బ్యాండ్ ఉంటే దాని మీద కూడా ఎస్‌ఆర్‌టీయేనా?

తెనాలి_స్టూడియో

ముందు యూడీపీ వెళ్తుందో లేదో చూసుకో తమ్ముడూ. పెద్ద హోటళ్ల వైఫైల్లో, కాలేజీ ఆడిటోరియంలలో చాలాచోట్ల ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తుంది. ఆర్‌టీఎంపీఎస్ (ఆర్‌టీఎంపీకే భద్రత చేర్చిన రూపం) మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీదే పోతుంది కాబట్టి దాదాపు ఎక్కడైనా నడుస్తుంది. నేను ఆర్‌టీఎంపీని పట్టుకుని వేలాడటానికి ఇదీ ఒక కారణం. ఇంకోటి, యూట్యూబ్ మెయిన్ అడ్రసుతో పాటు బ్యాకప్ అడ్రసు కూడా ఇస్తుంది. రెండో ల్యాప్‌టాప్‌నో, హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌నో రెండో సిమ్ మీద దానికి పెట్టు. ఒకటి పడిపోతే ఇంకోటి అందుకుంటుంది. సర్వర్ లేకుండానే రెండు దారులు వచ్చినట్టే.

ఓబీ_వ్యాన్

అందుకోవడం వేరు, కలపడం వేరు. హాలు నిండినప్పుడు రెండు సిమ్‌లూ చెరో 1.2 ఇస్తున్నాయనుకోండి. మీ పద్ధతిలో మెయిన్ దారీ కుంటుతుంది, బ్యాకప్ దారీ కుంటుతుంది. కలిపితే 2.4 అవుతుంది, 720 హాయిగా పోతుంది.

తెనాలి_స్టూడియో

రెండు సిమ్‌లు ఒకే టవర్ స్తంభం మీద ఉండి, రెండు సెక్టార్లూ ఒకేసారి నిండితే ఆ 2.4 కూడా రాదు. చిన్న ఊళ్లలో ఎక్కువగా రెండు మూడు కంపెనీలు ఒకే స్తంభం పంచుకుంటాయి. అందుకే బిట్‌రేట్ దించడమే మొదటి మందు అంటున్నాను.

ఖమ్మం_కెమెరా

సరే, ఇలా అనుకుంటున్నా. 720, 2 ఎంబీపీఎస్, కీఫ్రేము 2, ఆడియో 128. డాంగిల్ మేడమీద. రెండో కంపెనీ సిమ్ కొంటున్నా. సర్వర్ ఒక్క నెలకి తీసుకుని ఎస్‌ఆర్‌టీ నాలుగు సెకన్లు, బెలాబాక్స్‌తో రెండు సిమ్‌లూ కలిపి పెడతా. పక్కన పాత ల్యాప్‌టాప్‌లో మూడో సిమ్ మీద ఆర్‌టీఎంపీ, ఆ మారే బిట్‌రేట్ టిక్‌తో, బ్యాకప్ అడ్రసుకి. కార్డులో రికార్డింగ్ ఎలాగూ ఉంటుంది. వచ్చే ముహూర్తాల్లో రెండిటి లాగ్ ఫైళ్లూ (నమోదైన లెక్కలు) ఇక్కడ పెడతా.

ప్యాకెట్_పంతులు

లాగ్ ఫైళ్లు పెట్టేటప్పుడు రానుపోను సమయం, మళ్లీ పంపిన ప్యాకెట్లు, గడువు దాటి వదిలేసినవి, ఈ మూడూ నిమిషం నిమిషానికి ఉండాలి. ముఖ్యంగా జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు నుంచి తలంబ్రాల దాకా. వదిలేసినవి సున్నా ఉండి మళ్లీ పంపినవి ఎక్కువుంటే నా మాట. మళ్లీ పంపినవి తక్కువుండి రానుపోను సమయం మాత్రం సెకన్లలోకి ఎగబాకితే తెనాలి గారి మాట.

తెనాలి_స్టూడియో

ఒప్పుకున్నా. ఆ టైముకి ఫోన్లో టవర్ బ్యాండ్ ఏదో కూడా రాసి పెట్టుకో తమ్ముడూ, 2300 మీద ఉన్నావో 850 మీద ఉన్నావో తెలియకుండా ఆ అంకెలు చదవలేం.