పదేళ్ల పిల్లాడిని డాఖౌకి తీసుకెళ్లొచ్చా?

కొత్తమ్యూనిక్: ఆగస్టులో మా అత్తమామలు ఇండియా నుంచి వస్తున్నారు. మామయ్య గారు రిటైరైన సోషల్ మాస్టారు. నాజీల క్యాంపు చూపించమని ఇప్పటినుంచే అడుగుతున్నారు. మా బాబుకి పదేళ్లు, తాతని ఒక్క నిమిషం వదలడు. ఇద్దర్నీ మ్యూనిక్ పక్కనున్న డాఖౌ క్యాంపుకి తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఇసార్‌గట్టు: పిల్లాడు అసలే వద్దు. పెద్దాయన్ని కూడా వద్దనే అంటాను. చూడ్డానికి అక్కడ ఏముంది? గేటు నకిలీ. ఖైదీలుండే షెడ్లు, అదే బ్యారక్‌లు, ఉన్న రెండూ తర్వాత కట్టినవి. మిగతా చోట్ల కంకర పోసి నంబర్లు పెట్టారంతే. ఆ రోజేదో న్యూష్వాన్‌స్టైన్ కోటకి తీసుకెళ్లండి.

ఓరుగల్లుసిరి: గేటు ఎందుకు నకిలీ అయిందో కూడా చెప్పాలి కదా అన్నా. ఆ ఇనుప తలుపును 2014 నవంబరులో దొంగలు ఎత్తుకెళ్లారు. రెండేళ్లకి నార్వేలో దొరికింది. అసలుది ఇప్పుడు లోపల మ్యూజియంలోనే ఉంది. బ్యారక్‌ల కథ ఇంకా పెద్దది. యుద్ధం అయ్యాక ఇళ్లూ వాకిళ్లూ పోయిన జర్మన్ శరణార్థులను అసలు బ్యారక్‌ల్లోనే పెట్టారు. 1960ల దాకా అక్కడ కాపురాలు నడిచాయి. బతికి బయటపడ్డ ఖైదీలు పట్టుబట్టబట్టే 1965లో అది మెమోరియల్ అయింది.

గోదారోడు: ఇసార్ అన్న కోట ఏజెంటా ఏంటి 😀

ఇసార్‌గట్టు: కథలొద్దు సిరి గారూ. గేటుకి ఇప్పుడు వేలాడుతున్నది అసలుదా కాదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఓరుగల్లుసిరి: కాదు. అయితే ఏంటి? సోషల్ మాస్టారు తలుపు చూడ్డానికి వస్తున్నారా? ఈ క్యాంపును 1933 మార్చి 22న తెరిచారు, హిట్లర్ గద్దెనెక్కి రెండు నెలలు కూడా కాలేదు. మొదట తెచ్చినవాళ్లలో ఎక్కువమంది కమ్యూనిస్టులు, సోషల్ డెమొక్రాట్లు, అంటే రాజకీయ ప్రత్యర్థులు. పన్నెండేళ్లలో ఈ క్యాంపులోనూ దాని ఉపక్యాంపుల్లోనూ కలిపి 2 లక్షల మందికి పైగా ఖైదీలు, 41,500 మరణాలు. ఆయన చూడాలనుకునేది ఇదీ. పిల్లాడి విషయంలో మాత్రం మీ మాటే నాదీ. మంచునీళ్లలో మనుషుల్ని ముంచి చేసిన ప్రయోగాల గురించి పదేళ్లవాడికి ఏం చెప్తాం?

చాయ్‌పానీ: పోలండ్‌లోని నాజీ క్యాంపు ఆష్విట్జ్ మ్యూజియం వాళ్లు కూడా 14 ఏళ్ల లోపు పిల్లల్ని తేవద్దనే అంటారు. ఇక్కడి బడుల వాళ్లే తొమ్మిదో తరగతి ప్రాంతంలో డాఖౌ తీసుకెళ్తారు. ఇప్పుడే తొందరెందుకు?

ఓరుగల్లుసిరి: మనవాళ్లని తీసుకెళ్లేముందు నాలుగు మాటలు చెప్పి తీసుకెళ్లండి. పోయినసారి నేను వెళ్తే ఒక తెలుగు కుటుంబం గేటు ముందు వరసగా నిలబడి రెండు వేళ్లు చూపిస్తూ ఫొటోలు. సిగ్గేసింది.

ఇసార్‌గట్టు: మా నాన్న కూడా అలాగే నిలబడ్డాడండి. కెమెరా పెడితే నవ్వడం ఆయనకి అలవాటు. వెళ్లేటప్పుడు ట్రైన్‌లో దారి పొడవునా యుద్ధం గురించే అడిగిన మనిషి. గైడ్ అందరి ముందూ కసిరింది. డెబ్బై దాటినవాడు, ఆవిడ ఏమందో కూడా పూర్తిగా అర్థం కాలేదు, తిట్టిందని మాత్రం అర్థమైంది. తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట లేదు. మీకు సిగ్గేసిందన్నారే, ఎవరి ముందు? చచ్చిపోయినవాళ్ల ముందా, తెల్లవాళ్ల ముందా?

ఓరుగల్లుసిరి: చనిపోయినవాళ్ల ముందే. వాళ్లలో టిప్పు సుల్తాన్ వంశపు పిల్ల నూర్ ఇనాయత్ ఖాన్ కూడా ఉంది. బ్రిటన్ తరఫున గూఢచారిగా పనిచేసింది. 1944 సెప్టెంబరు 13న అక్కడే చంపేశారు. ఆవిడ పేరుతో ఫలకం ఉంది. మీ నాన్నగారిని ఆ గైడ్ అలా అనకుండా ఉండాల్సింది. అంతమాత్రాన ఆ ఫొటో ఒప్పయిపోదు.

ఇసార్‌గట్టు: ఒప్పని నేనన్నానా? 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది పోయారు. వాళ్ల కోసం ఇంత స్థలం, ఇంత మ్యూజియం మనం కట్టుకున్నామా? మన చావుల ముందు నవ్వకుండా నిలబడే చోటు మా నాన్నకి ఎవరు చూపించారు? ఇక్కడికొచ్చి తెలియలేదంటే మాత్రం పరువు పోయిందంటారు.

ఓరుగల్లుసిరి: జలియన్‌వాలా బాగ్ ఉంది కదా. తూటాల గుర్తులున్న గోడ దగ్గరా సెల్ఫీలే. అక్కడ నాకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది, చుట్టూ ఉన్నది మనవాళ్లే అయినా.

గోదారోడు: ఇద్దరూ నీళ్లు తాగండి.

కొత్తమ్యూనిక్: బాబుని ఆ రోజు మా ఆవిడ డాయిషెస్ మ్యూజియంకి తీసుకెళ్తానంది, వాడికి విమానాలుంటే చాలు. మామయ్య గారితో నేను వెళ్తాను. టికెట్ ముందే కొనాలా?

చాయ్‌పానీ: ప్రవేశం ఉచితం. ఎస్2 లోకల్ ట్రైన్ ఎక్కి డాఖౌలో దిగితే 726 బస్సు.

ఇసార్‌గట్టు: గైడ్ టూర్ మాత్రం తీసుకోకండి. ఆడియో గైడ్ ఇప్పించి, ఆయన్ని ఆయన ఓపిక కొద్దీ చూడనివ్వండి. మాస్టారు కదా, ప్రతి బోర్డూ చదువుతారు. పొద్దున్నే బయల్దేరండి.