‘సిస్టం లెగట్లేదు’ అంటే లెగనిది ఏది?

తణుకు, డీటీపీ షాపు:
అందరికీ నమస్కారమండి. తెలుగు మాటల గుంపులో కంప్యూటరు గోలేంటి అనుకోకండి, గోలంతా మాట దగ్గరే వచ్చింది. మా షాపులో పాత విండోస్ 7 సిస్టం ఒకటుంది. అను ఫాంట్లు, పేజ్‌మేకరు, ఏళ్ల తరబడి కొట్టిన శుభలేఖలు, ఓణీల ఫంక్షను కార్డులు, పెద్దకర్మ కార్డులు అన్నీ దాన్లోనే. మా మేనల్లుడు చదువుకోసమని దాన్లోనే ఓ పక్కన లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం) వేసుకున్నాడు. వాడు హైదరాబాదు వెళ్లిపోయాక, ఇంకెవరూ వాడట్లేదు కదా అని మా కుర్రాళ్లు ఆ పార్టిషన్, అంటే డిస్కులో లినక్స్‌కి కేటాయించిన భాగం, తీసేసి జాగా ఖాళీ చేశారు. మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర. ‘నో సచ్ పార్టిషన్’ అని ఓ ముక్క, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఇంకో ముక్క.

రిపేరు షాపుకి పట్టుకెళ్లి ‘సిస్టం లెగట్లేదండి’ అన్నాం. ‘సాయంత్రానికి లేపేద్దాం’ అన్నాడు. అన్నట్టే లేపేశాడు. డిస్కంతా ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసిచ్చాడు. శుభలేఖలన్నీ గోవింద. అదేంటయ్యా అంటే ‘మీరే లెగట్లేదన్నారు, లేపాను’ అంటాడు. ఇప్పుడు చెప్పండి, మన ‘లెగట్లేదు’లో తప్పుందా? ఏమని చెబితే వాడికి సరిగ్గా అర్థమయ్యేది?

రాజమండ్రి, రిటైరైన తెలుగు పండితుడు:
మాటలో తప్పేం లేదు నాయనా. ‘లేచు’కి మన గోదావరి రూపం ‘లెగు’. మనిషి లెగుస్తాడు, గేదె లెగుస్తుంది, ఇప్పుడు కంప్యూటరూ లెగుస్తోంది. చిక్కంతా దానికి జతగా వచ్చే ‘లేపు’ దగ్గర. లేపడం వేరు, లేపేయడం వేరు. క్రియ చివర ‘వేయు’ చేరితే పని పూర్తిగా, మళ్లీ వెనక్కి రాకుండా అయిపోయిందన్న అర్థం వస్తుంది: తినేశాడు, అమ్మేశాడు, రాసేశాడు. ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. ‘కొట్టాడు’ అంటే దెబ్బ, ‘కొట్టేశాడు’ అంటే దొంగతనం కూడా కావచ్చు. అలాగే పిల్లాణ్ణి లేపితే బడికి వెళ్తాడు. పేరా లేపేస్తే? ప్రూఫులు దిద్దేటప్పుడు ‘ఈ పేరా లేపేయండి’ అని నీ షాపులో రోజూ వినేదే కదా. నీకు కావలసింది మొదటిది, అతను చేసింది రెండోది. అతనన్నదానికీ చేసినదానికీ తేడా ఏమీ లేదు మరి!

తణుకు:
మాస్టారూ, నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు.

భీమవరం, రిపేరు పని తెలిసినవాణ్ణి:
మాస్టారు చెప్పింది వ్యాకరణం, నేను పని సంగతి చెప్తాను. షాపు కౌంటరు దగ్గర ‘లెగట్లేదు’ అని వచ్చేవన్నీ ఒక జబ్బు కాదండి. బటన్ నొక్కితే ఫ్యాను కూడా తిరక్కపోతే దాన్ని ‘పవర్ రావట్లేదు’ అంటాం. ఫ్యాను తిరిగి తెర చీకటిగా ఉంటే ‘డిస్‌ప్లే రావట్లేదు’. కంపెనీ బొమ్మ వచ్చి, తరవాత నల్ల తెర మీద ఇంగ్లీషు ముక్కలు పడితే మూడో రకం. విండోస్ గుర్తొచ్చి కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటే నాలుగోది. మీది మూడోది. అందులోనూ మెషీను జబ్బేంటో తనే రాసి చూపించింది. ఆ రెండు ముక్కలు కాగితం మీద రాసి పట్టుకెళ్లినా, ఫోన్లో ఫోటో తీసి చూపించినా సరిపోయేది.

ఇంతకీ లోపల జరిగిందేంటంటే: పాత పద్ధతి మెషీన్లలో ఆన్ చేయగానే బయోస్ (మదర్‌బోర్డు మీద ఉండే మొదటి ప్రోగ్రాము) డిస్కులో మొట్టమొదటి సెక్టారు ఒక్కటే చదువుతుంది. అది మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ లోడర్ (విండోస్‌నో లినక్స్‌నో మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాము) కోడుకి, 64 బైట్లు ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పట్టికకి, చివరి 2 బైట్లు ‘ఇది బూటయ్యే డిస్కే’ అన్న గుర్తుకి. ఆ 446 బైట్లలో ఏం పడుతుంది చెప్పండి? అందుకే లినక్స్‌తో వచ్చే బూట్ లోడరైన గ్రబ్ అక్కడ చిన్న ముక్క పెట్టి, మిగతాది ఆ పక్కనున్న ఖాళీలో కొంత, లినక్స్ పార్టిషన్లో ‘బూట్ గ్రబ్’ అనే ఫోల్డర్లో మిగిలినంతా పెట్టుకుంటుంది. మీవాళ్లు తీసేసింది సరిగ్గా ఆ పార్టిషన్నే. డిస్కు మొదట్లో ఉన్న ముక్కలు లేచాయి, ఆ పార్టిషన్లో ఉన్న ముక్కను వెతికాయి, ‘అలాంటి పార్టిషన్ లేదు’ అని చెప్పి ఆగాయి. మీ విండోస్, మీ శుభలేఖలు ఎక్కడివక్కడే క్షేమంగా ఉన్నాయి అప్పటికి. వాటి దాకా వెళ్లే దారి చూపించేది మాత్రమే పోయింది.

దానికి చేయాల్సింది: విండోస్ 7 డిస్కు పెట్టి దాన్నుంచి బూట్ చేసి, ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కకుండా కింద ఉండే ‘రిపేర్ యువర్ కంప్యూటర్’లోకి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘బూట్‌రెక్’ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘ఫిక్స్‌ఎంబీఆర్’ అని కొట్టడం. అంతే. అది మొదటి సెక్టార్లో లోడర్ కోడు మాత్రమే మార్చి రాస్తుంది, పార్టిషన్ పట్టిక జోలికి పోదు. టీ తాగి వచ్చేలోపు అయ్యే పని. దీనికి ఫార్మాట్ కొట్టడం ఏంటండీ, నాకే కోపం వస్తోంది.

రాజోలు, రైతు:
మీ లోడర్లూ సెక్టార్లూ నాకు తెలీవండి గానీ ఈ జబ్బు నాకు బాగా తెలుసు. దాళ్వాలో వంతు నీళ్లు చాలక బోదెలో ఆయిలింజిను పెట్టి తోడతాం కదా. ఒక్కోరోజు ఇంజిను డుబుడుబుమని బ్రహ్మాండంగా తిరుగుతుంది, గొట్టంలోంచి చుక్క రాదు. అప్పుడు ‘ఇంజిను పాడైంది’ అనం, ‘తిరుగుతోంది గానీ ఎత్తుకోవట్లేదు’ అంటాం. కింద ఫుట్‌వాల్వు పట్టట్లేదని అర్థం. పంపులో నాలుగు బకెట్లు నీళ్లు పోసి తిప్పితే ఎత్తుకుంటుంది. నీళ్లు పోస్తేనే గానీ నీళ్లు రావన్నమాట. ‘సిస్టం తిరుగుతోంది, ఎత్తుకోవట్లేదు’ అనకూడదా?

భీమవరం:
ఆయ్, అద్దీ మాట! ఇంగ్లీషువాళ్ల ‘బూట్’ కూడా ఆ చిక్కులోంచే వచ్చిందండి. వేసుకున్న బూటుకి వెనకాల ఉండే పట్టీ పట్టుకుని తనని తనే పైకి లాక్కోవడం అనే వాళ్ల నానుడి లోంచి ‘బూట్‌స్ట్రాప్’, దాన్ని కుదించి ‘బూట్’. ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించాలంటే ఎక్కించే ప్రోగ్రాము ఒకటి ముందే మెమరీలో ఉండాలి. మరి దాన్నెవరు ఎక్కిస్తారు? మీ నాలుగు బకెట్ల నీళ్లే ఆ 446 బైట్లు.

అమలాపురం, కాలేజీ కుర్రాడు:
నెట్లో ఎక్కడో ‘మేలుకొలుపు’ అని చూశాను బూటింగుకి. అది బాలేదా?

రాజమండ్రి:
వినడానికి బాగుంటుంది, అతకదు. నిద్రపోయినవాణ్ణి కదా మేలుకొలిపేది. భీమవరం ఆయన చెప్పినదాన్ని బట్టి విండోస్ అప్పటికి నిద్రలో లేదు, అసలు మెమరీలోనే లేదు. డిస్కు మీంచి ఎత్తుకురావాలి. నిద్రలోంచి లేవడం అంటారా, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచినప్పుడు జరిగేది అది. ‘మేలుకొలుపు’ దానికి ఉంచండి.

రాజోలు వారి మాట మాత్రం నాకు పట్టుకుంది. ‘ఎత్తుకోవడం’ మనకి పాత వాడుకే. పద్యం ఎత్తుకున్నాడు, రాగం ఎత్తుకున్నాడు అంటాం. పద్యం మొదలుపెట్టే తీరుని ‘ఎత్తుగడ’ అంటాం. ఈ రోజుల్లో ఎత్తుగడ అంటే రాజకీయ నాయకుల పన్నాగం ఒకటే మిగిలింది, అది వేరే బాధ. బూట్ లోడర్‌ని తెలుగులో రాయాల్సి వస్తే నేను ‘ఎత్తుగడ’ అనే రాస్తాను. ‘ప్రారంభక భారకం’ లాంటివి రాసేవాళ్లకి దణ్ణం.

భీమవరం:
మాస్టారూ, పుస్తకంలో రాసుకోండి గానీ షాపులో మాత్రం ‘బూట్ లోడర్’ అనే అనమనండి. ‘మా సిస్టం ఎత్తుగడ పోయింది’ అంటే మా కుర్రాడు మళ్లీ ఫార్మాటే కొడతాడు. కస్టమరు అనాల్సిన వాక్యం నన్నడిగితే ఇది: ‘లోగో దాకా వస్తోంది, గ్రబ్ అని ఆగిపోతోంది, డేటా ముట్టుకోకుండా బూట్ లోడర్ ఒక్కటీ బాగుచెయ్యండి.’ ‘డేటా ముట్టుకోకుండా’ అన్నది గట్టిగా అనాలి, వీలైతే రసీదు మీద రాయించాలి.

తణుకు గారూ, ఒక సంగతి. ఆ సిస్టం వెంటనే ఆపేయండి. మామూలు హార్డ్ డిస్కులో క్విక్ ఫార్మాట్ కొడితే పాత ఫైళ్లు అక్కడికక్కడే చెరిగిపోవు, వాటి మీద కొత్తవి రాసేకొద్దీ పోతాయి. కొత్త విండోస్ పడినంత మేర పోయినట్టే, మిగతా చోటున్నవి దొరకొచ్చు. డిస్కు ఊడదీసి వేరే మెషీనుకి తగిలించి ‘ఫోటోరెక్’ అనే, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాముతో వెతకండి. దొరికినవాటికి పాత పేర్లు ఉండవు, అంకెలతో వస్తాయి. ఏ పెళ్లి ఎవరిదో తెరిచి చూసుకోవాల్సిందే. దొరికినవి అదే డిస్కులో మాత్రం దాచకండి. ఒకవేళ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు) అయితే ఆశ తక్కువ.

తణుకు:
మామూలు డిస్కేనండి. ఇప్పుడే ప్లగ్గు పీకేశాను.

అమలాపురం:
సార్, నాకు తిరగేసిన కేసు. నాకు లినక్సే కావాలి, గ్రబ్ రెస్క్యూ వచ్చింది, పార్టిషన్ ఉంది. ఏం చెయ్యాలి?

భీమవరం:
అక్కడ ‘ఎల్ఎస్’ అని కొట్టు తమ్ముడూ. పార్టిషన్ల జాబితా వస్తుంది. ఒక్కోదాని పేరు రాసి చివర స్లాష్ పెట్టి మళ్లీ ఎల్ఎస్ కొడుతూ, ‘బూట్’ ఫోల్డరు దేన్లో ఉందో పట్టుకో. దొరికాక ‘సెట్ ప్రిఫిక్స్’ అని, ఈక్వల్ గుర్తు పెట్టి, ఆ పార్టిషన్ పేరూ దాన్లో గ్రబ్ ఫోల్డరు దారీ ఇవ్వు. తరవాత ‘ఇన్స్‌మాడ్ నార్మల్’, ఆపైన ‘నార్మల్’. మామూలు మెనూ వస్తుంది. ఇది ఈ ఒక్కసారికే. లినక్స్‌లోకి వెళ్లాక ‘గ్రబ్ ఇన్‌స్టాల్’ని డిస్కు మీద నడిపించి, ‘అప్‌డేట్ గ్రబ్’ కొడితే స్థిరపడుతుంది. డిస్కు పేరు ఇవ్వాలి, అంటే ఎస్‌డీఏ. చివర 1, 2 అని అంకె పెడితే పార్టిషన్ మీద పడుతుంది, అది వద్దు. ఈ ఎస్‌డీఏ సంగతి పాత బయోస్ పద్ధతి మెషీన్లకే.

కాకినాడ:
కొత్త ల్యాప్‌టాప్ అండి మాది, లినక్స్ తీసేశాక ఇలాగే గ్రబ్ అని ఆగింది. 446 బైట్ల కథ దీనికీ వర్తిస్తుందా?

భీమవరం:
లేదండి. కొత్తవాటిలో బయోస్ బదులు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి ఉంటుంది. లోడర్లు మొదటి సెక్టార్లో కాకుండా ఫ్యాట్ 32లో ఉండే చిన్న పార్టిషన్లో మామూలు ఫైళ్లలా పక్కపక్కన ఉంటాయి. కాబట్టి ఫిక్స్‌ఎంబీఆర్ అక్కడ పనికిరాదు. ముందు ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి, కంపెనీని బట్టి ఎఫ్ 12, ఎఫ్ 9 అలా ఉంటుంది. జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ కనిపిస్తే ఎంచుకోండి, చాలాసార్లు నేరుగా విండోస్ వచ్చేస్తుంది. ఆనక సెటప్‌లో దాన్ని వరసలో మొదటికి జరపండి. అది కనిపించకపోతే రికవరీ యూఎస్‌బీతో వెళ్లి విండోస్ లోడర్ ఫైళ్లు మళ్లీ రాసే ‘బీసీడీబూట్’ కమాండ్ నడపాలి. అక్కడ డ్రైవుల అక్షరాలు మారిపోతాయి, మీ సీ అక్కడ డీ అయి ఉండొచ్చు, ఫైళ్ల జాబితా చూపించే డిఐఆర్ కొట్టి విండోస్ ఫోల్డరు ఎక్కడుందో చూసుకున్నాకే కమాండ్ ఇవ్వండి. అసలు జాబితాలో డిస్కు పేరే లేకపోతే అది లోడర్ జబ్బు కాదు, డిస్కో దాని కనెక్షనో చూడాలి.

మొదలెట్టే ముందు ఇంకోటి. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ఫోన్లోంచి ముందే చూసి పెట్టుకోండి.