రియాక్టర్ ‘క్రిటికల్’ అయితే తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: గుజరాత్‌లోని కాక్రపార్ అణువిద్యుత్ కేంద్రం మూడో యూనిట్ మీద వ్యాసం రాస్తున్నాను. మన ఇంజినీర్లే డిజైన్ చేసిన 700 మెగావాట్ల రియాక్టర్లలో అది మొదటిది. 2020 జులై 22న ‘క్రిటికాలిటీ’ సాధించింది. ‘విషమ స్థితి’ అంటే ఐసీయూ గుర్తొస్తుంది. ‘కీలక దశ’ అంటే ఏ దశో తెలియదు. మంచి మాట ఉందా?

– టెన్త్ ఫిజిక్స్‌లో క్రిటికల్ యాంగిల్‌ని ‘సందిగ్ధ కోణం’ అనే చదువుకున్నాం కదండీ. ఆ లెక్కన ‘సందిగ్ధ స్థితి’.

– పాఠంలో చెల్లుతుంది. పేపర్లో ‘రియాక్టర్ సందిగ్ధ స్థితికి చేరింది’ అని వేస్తే, నడపాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నారేమో అనుకుంటారు! అసలు జరిగేది చూడండి. యురేనియం కేంద్రకం ఒకటి చీలితే రెండు మూడు న్యూట్రాన్లు వస్తాయి. కొన్ని వృథాగా పోతాయి. సగటున సరిగ్గా ఒక్కటి ఇంకో కేంద్రకాన్ని చీలిస్తే శృంఖల చర్య (చైన్ రియాక్షన్) తెగకుండా సాగుతుంది. అదే క్రిటికల్. అంతకు తగ్గితే ఆగిపోతుంది, మించితే జోరందుకుంటుంది. కాక్రపార్ లాంటి భారజల (హెవీ వాటర్) రియాక్టర్లలో మొదట న్యూట్రాన్లను మింగేసే బోరాన్‌ని భారజలంలో కలిపి ఉంచుతారు. దాన్ని ‘పాయిజన్’ అనే అంటారు. న్యూట్రాన్ల లెక్క చూసుకుంటూ ఆ విషాన్ని కొద్దికొద్దిగా తీసేస్తారు. ఒక దగ్గర చర్య తనంతట తానే నిలబడుతుంది.

– అయితే మాట మన వంటింట్లోనే ఉంది. తడి కట్టెల పొయ్యిని ఊదగా ఊదగా, ఇక ఊదక్కర్లేకుండా మండితే ‘రాజుకుంది’ అంటాం. రియాక్టర్ రాజుకుంది!

– అర్థం భేషుగ్గా కుదిరింది. కానీ మన పేపర్లలో రాజుకునేవి గొడవలూ వివాదాలూ. ఆ హెడ్డింగ్ పెడితే చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయిపోతాయి.

– నేనైతే ‘క్రిటికాలిటీ’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘అంటే శృంఖల చర్య తనంతట తాను సాగే స్థితి’ అని ఒక్క ముక్క కలుపుతాను. హైదరాబాద్ అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీలో తయారయ్యే ఇంధన బండిల్‌ని ‘కట్ట’ అని ఎవరూ అనడం లేదు, దీనికెందుకు పట్టుదల? ‘విద్యుదుత్పత్తి మొదలైంది’ అని మాత్రం రాయకండి. ఆ యూనిట్ గ్రిడ్‌కి కలిసింది 2021 జనవరి 10న, వాణిజ్య ఉత్పత్తి మొదలైంది 2023 జూన్ 30న.