ఇంటింటి చెత్త: మున్సిపాలిటీ తీయాలా, కాంట్రాక్టరుకు ఇవ్వాలా?

కాలువగట్టు (భీమవరం):
మా వీధికి చెత్త బండి వచ్చి నాలుగు రోజులైంది. అడిగితే బండి షెడ్డులో ఉందంటారు. మూడో రోజుకి ఎవరో ఒకరికి ఓపిక నశిస్తుంది, చీకటి పడ్డాక కవరు కట్టి కాలువలోకి విసురుతారు. నాలుగో రోజుకి అందరూ అంతే. వేసవిలో కాలువలు కట్టేస్తే అడుగున బయటపడేవి ఆ కవర్లే. మళ్లీ ఆ కాలువ నీళ్లతోనే మన మంచినీటి చెరువులు నింపుకుంటాం. అందుకే అంటున్నా, టెండర్ పిలిచి ప్రైవేటుకి ఇచ్చేయండి. బండి రాని రోజుకి బిల్లులో కోత పెట్టొచ్చు. మున్సిపాలిటీ తనకు తానే కోత వేసుకోదు కదా!

లాకుల రేవు (రాజమండ్రి):
ఏమండీ, ఇప్పటిదాకా ప్రైవేటు లేదనుకుంటున్నారా? 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో వచ్చిన బండ్లు ఏజెన్సీల దగ్గర అద్దెకు తీసుకున్నవే. ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వసూలు చేశారు, జనం చెత్త పన్ను అని తిట్టారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి రద్దు ప్రకటించారు. పన్ను పోయింది గానీ బండికి డీజిల్ పోయించక తప్పదు కదండీ. రుసుం వసూలు చేయమని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే రాశారు. ఆ మాట ఎత్తితే ఓట్లు పోతాయని ఎవరూ ఎత్తరు.

మేస్త్రి గారి అమ్మాయి (కాకినాడ):
మా నాన్నగారు పారిశుధ్య మేస్త్రిగా చేసి రిటైరయ్యారు. కాంట్రాక్టరు చేతి కింద పని అంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, పీఎఫ్ కట్టాడో లేదో తెలియదు. 2020లో ఆప్కాస్ అని ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ప్రభుత్వమే పెట్టిన సంస్థ వచ్చాక మధ్యవర్తి తప్పాడు. అలాగని అంతా బాగైపోలేదు. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు చెత్త ఎలా పేరుకుందో చూశాం కదా.

కాలువగట్టు గారూ, కోత అన్నారు బాగానే ఉంది. దేనికి డబ్బిస్తున్నారో ముందు చూడండి. టన్నుకి ఇంత అని రాసుకుంటే కాంట్రాక్టరు బండి బొండాల కొట్టు దగ్గర, కల్యాణ మండపం దగ్గర ఆగుతుంది. తడి కొబ్బరి బొండాలు పది ఎత్తితే వచ్చే తూకం, సందు చివర పది ఇళ్లు తిరిగినా రాదు. వానాకాలం అయితే నీళ్లకీ బిల్లే. తడి, పొడి వేరు చేస్తే తూకం తగ్గుతుంది కాబట్టి వేరు చేయనివ్వడు. ఇళ్ల లెక్కన ఇవ్వండి, అప్పుడు ప్రైవేటైనా నాకు అభ్యంతరం లేదు.

పుణెలో 2008 నుంచి స్వచ్ఛ్ అని చెత్త ఏరుకునేవాళ్ల సహకార సంఘమే ఇంటింటికీ తిరుగుతోంది. ఇంటివాళ్లు వాళ్లకే రుసుం కడతారు. అది మున్సిపాలిటీ కాదు, కాంట్రాక్టరూ కాదు. ఆ దారి మన ఊళ్లలో ఎందుకు ఆలోచించరో నాకర్థం కాదు.

కొబ్బరాకు (అమలాపురం):
ఆయ్, ఎవరు ఎత్తినా ఎక్కడ పోస్తారండి? మా దగ్గర కాస్త తవ్వితే నీళ్లు ఊరతాయి. యార్డుకి స్థలం చూపిస్తే పక్క ఊరివాళ్లు రోడ్డెక్కుతారు. తడి చెత్త ఇంట్లోనో వార్డులోనో ఎరువు చేసుకుంటే సగం బరువు తగ్గుద్ది. టెండర్లో ఆ ముక్క ఎవరూ రాయరు.

లాకుల రేవు:
పనులు ఎవరికిచ్చినా బాధ్యత మాత్రం మున్సిపాలిటీదే. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో చెత్త పని ఉన్నది దాని ఖాతాలోనే.

కాలువగట్టు:
టన్ను లెక్క నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఇళ్ల లెక్కే పెట్టండి. మరి బండి వచ్చిందని రోజూ సంతకం ఎవరు పెడతారు? శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆఫీసులో కూర్చుని నెల మొత్తానికి ఒకేసారి పెడితే మళ్లీ పాత కథే. మా వీధికి నేను పెడతానంటే ఒప్పుకుంటారా?

మేస్త్రి గారి అమ్మాయి:
మీరు ఊళ్లో లేని రోజున?

కాలువగట్టు:
మా ఎదురింటి పిన్నిగారు. ఆవిడ కన్ను తప్పించుకుని బండి కాదు, పిల్లి కూడా పోలేదు.