చవక వైర్‌లెస్ గేమింగ్ మౌస్: ముందు చూడాల్సింది సెన్సరా, స్విచ్చా?

ఎర్రచుక్క:
ఇప్పుడు చవక వైర్‌లెస్ మౌస్‌లలో కూడా కదలికను పసిగట్టే పీఏడబ్ల్యూ3395 సెన్సర్ వస్తోంది. 26,000 డీపీఐ, అంటే మౌస్ అంగుళం జరిగితే అన్ని చుక్కల కదలికగా లెక్కపెట్టగలదు. డాంగిల్‌తో (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవర్) 1000 హెర్ట్జ్, అంటే మిల్లీసెకనుకోసారి కంప్యూటర్‌కు కబురు. ఇంకా వైర్ పట్టుకుని వేలాడడం దేనికి? సెన్సర్ చూసి కొనండి, మిగతావి తర్వాత.

పాత_కీబోర్డు:
26,000 డీపీఐ పెట్టి ఎవరాడతారండీ? అందరూ 800, 1600 దగ్గరే ఉంటారు. అసలు తంటా బటన్ కింద ఉండే స్విచ్‌తో. నా వైర్‌లెస్ మౌస్ ఎడమ బటన్ ఏడాది తిరక్కుండానే ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడడం మొదలెట్టింది. ఫైల్ పట్టుకుని లాగుతుంటే మధ్యలో జారిపోతుంది. వారంటీకి రాస్తే వీడియో పంపమన్నారు. పంపాను. ఇప్పటికీ జవాబు లేదు. స్విచ్ లోపలి రేకు అరిగిపోతే ఎంత గొప్ప సెన్సరైతే ఏం లాభం?

రాత్రి_ర్యాంక్:
బ్లూటూత్‌లో ఆడుతున్నారేమో చూసుకోండి. చాలావాటిలో అది 125 హెర్ట్జే, అంటే 8 మిల్లీసెకన్లకోసారి కబురు.

పాత_కీబోర్డు:
నేను చెప్పేది డబుల్ క్లిక్ గురించి!

ఎర్రచుక్క:
దానికి సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ టైమ్ (రేకు అదురును రెండో క్లిక్‌గా లెక్కపెట్టకుండా ఆగే వ్యవధి) పెంచుకోండి. లేదా ఆప్టికల్ స్విచ్ ఉన్నది కొనండి, అది క్లిక్‌ను వెలుగుతో పసిగడుతుంది, రేకులు అదిరే గొడవే లేదు. మీ ఒక్క మౌస్ పాడైందని అన్నిటినీ తిడితే ఎలా?

పాత_కీబోర్డు:
మిల్లీసెకను కోసం సెన్సర్ కొనమంటావు, అదే నోటితో క్లిక్‌కు ఆలస్యం కలుపుకోమంటావు. ఏదో ఒక మాట మీద ఉండు.

సింధు_ఎఫ్‌పీఎస్:
నా కర్సర్ ఆగి ఆగి కదిలేది. డాంగిల్ క్యాబినెట్ వెనక, పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్. యూఎస్‌బీ 3 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మౌస్‌ప్యాడ్ పక్కకు తెచ్చాక సరిపోయింది. మౌస్ మార్చే ముందు ఇది చేసి చూడండి.

ఎర్రచుక్క:
మంచి మాట చెప్పారు. కానీ ఈయన వినరు. కొత్తది ఏదొచ్చినా ఈయనకు పడదు.

పాత_కీబోర్డు:
పడకపోవడం కాదు తమ్ముడూ. నీ పాత పోస్టుల్లో మూడు మౌస్‌ల ఫొటోలున్నాయి. ఒకటి మొరాయిస్తే ఇంకోటి తీస్తావు. నాకున్నది ఒక్కటే, ఆటకూ దాంతోనే, ఉద్యోగం పనికీ దాంతోనే. మళ్లీ కొనే స్తోమత లేకే చవకది చూసుకుంటున్నాను. వారం వాడి రాసిన రివ్యూ నాకేం పనికొస్తుంది?

ఎర్రచుక్క:
అది మొదటే చెప్పుంటే సరిపోయేది కదండీ. గేమింగ్ మౌస్ అన్నారు కాబట్టి ఆటకు ఏది మేలో చెప్పాను. గురి నిలవని మౌస్ ఎన్నేళ్లు బతికితే నాకెందుకు?

పాత_కీబోర్డు:
బతకని దానికి గురి ఎందుకు?

కొత్త_మెంబర్:
అన్నలూ, ఏఏ బ్యాటరీదా, ఛార్జింగ్‌దా? ఏది కొనాలి?

పాత_కీబోర్డు:
ఏఏ. సెల్ అయిపోతే మార్చుకుంటావు. లోపలి బ్యాటరీ నీరసపడితే మౌస్ విప్పాల్సిందే.

ఎర్రచుక్క:
ఆల్కలైన్ ఏఏ సెల్ ఒక్కటే 20 గ్రాములకు పైన ఉంటుంది. గంటలకొద్దీ ఆడితే మణికట్టుకు తెలుస్తుంది. ఛార్జింగ్‌దే తీసుకో.